గులాబీరంగు మిఠాయి వెంట: బసవనగుడి నుంచి యానాం దాకా

కార్తికమాసం చివరి సోమవారం వచ్చిందంటే బెంగుళూరు బసవనగుడిలో కాలు పెట్టటానికి సందుండదు. దొడ్డ బసవన్న గుడి ముందు రోడ్డుకు రెండు వైపులా వేరుశనగకాయల గుట్టలు. పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి. కన్నడంవాళ్ళు దీన్ని కడలెకాయి పరిషె అంటారు. చేలన్నీ మేసి పాడుచేస్తున్న ఎద్దుకు తొలిపంట సమర్పిస్తామని చుట్టుపక్కల రైతులు మొక్కుకున్నారట, నాటినుంచీ ఈ జాతర నడుస్తోందని కథ. చింతామణి వైపునుంచి కాయలు తెచ్చుకున్న ఆమెను మనం కన్నడంలో ధర అడిగితే ఆమె తెలుగులో జవాబు చెబుతుంది. మూడు తరాలుగా ఈ ఊళ్ళో ఉన్న మాలాంటివాళ్ళకు అదొక సంబరం.

ఈ పరిషెలో రంగులు రెండు రకాలు. పగలు కనిపించేవి మొదటి రకం: మట్టంటిన వేరుశనగ, తెల్లటి బొరుగులు, బెల్లం ముద్ద, బత్తాసులు, గాడిద్ చర్మంలా నెరిసిన చెరుకు గడలు. దీపాలు పెట్టాక మేలుకునేవి రెండోరకం. కర్రకు గుచ్చిన పీచు మిఠాయి పొట్లాలు గులాబీరంగులో వెలుగుతుంటాయి. ఆ పక్కన మంచూరియా బండిమీద పువ్వుకోసు ముక్కలు కుంకుమలో ముంచి తీసినట్టుంటాయి. చిలకపచ్చ, నారింజ జెల్లీ ముక్కలు గాజుసీసాల్లో. 2024 నవంబరులో మా మనవరాలి చెయ్యి పట్టుకుని ఆ వీధిలో నడుస్తుంటే, గులాబీరంగు పొట్లాలు మునుపటికంటే బాగా తగ్గాయనీ, తెల్లవి ఎక్కువయ్యాయనీ గమనించాను. మంచూరియా కూడా కొన్ని బండ్లమీద గోధుమరంగులోకి దిగింది. ఇది జాతరకొచ్చినవాళ్ళ అభిరుచి మారటంవల్ల జరిగింది కాదు. ఆ ఏడాది మూడు ప్రభుత్వాలు ఒకదాని వెంట ఒకటి తీసుకున్న నిర్ణయాల ఫలితం.

ముందుగా కదిలింది పుదుచ్చేరి. 2024 ఫిబ్రవరి మొదట్లో అక్కడి సముద్రతీరంలో అమ్మే పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే రంగు ఉన్నట్టు ఆహారభద్రతా అధికారులు కనిపెట్టారు. అప్పట్లో తెలంగాణ గవర్నరుగానూ, పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నరుగానూ ఉన్న తమిళిసై సౌందరరాజన్ గారు స్వయంగా డాక్టరు. ఆమే అమ్మకాల నిషేధం ప్రకటించి, పిల్లలకు కొనిపెట్టవద్దని తల్లిదండ్రులకు చెప్పారు. వెంటనే తమిళనాడు అధికారులు మద్రాసు మెరీనాలోనూ ఇతర చోట్లా నమూనాలు తీసి గిండీలోని ప్రభుత్వ ప్రయోగశాలకు పంపారు. అక్కడా అదే రంగు తేలింది. ఫిబ్రవరి 17న తమిళనాడు కూడా నిషేధించింది. మార్చి 11న కర్ణాటక ఆరోగ్యమంత్రి దినేశ్ గుండూరావు గారి ప్రకటన వచ్చింది. 171 గోబీ మంచూరియా నమూనాలు పరీక్షిస్తే 107 తినదగనివని తేలాయి. 25 పీచు మిఠాయి నమూనాల్లో 15 అంతే. కర్ణాటక నిషేధించింది మంచూరియాని కాదు, పీచు మిఠాయినీ కాదు, వాటిలో వేసే కృత్రిమ రంగుని. ఈ తేడా చాలామంది పట్టించుకోలేదు. ఉల్లంఘించినవారికి ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష, పది లక్షల జరిమానా అన్నారు. జూన్‌లో కబాబులకు, చేపల వంటకాలకు కూడా ఇదే వర్తింపజేశారు.

మా ఇంట్లో ఈ వార్తలన్నిటినీ కత్తిరించి దాచటానికి కారణం ఉంది. మనవరాలికి ఆరేళ్ళు. నాలుగో ఏటనుంచీ ఉన్నట్టుండి ఒంటినిండా దద్దుర్లు లేచేవి. మొదట్లో మా ఇంటావిడ పైత్యం చేసిందని అల్లం, బెల్లం పెట్టి గొంగళి కప్పి పడుకోబెట్టేది. గంటా రెండు గంటల్లో దిగిపోయేవి. ఒక పుట్టినరోజు పార్టీ తరవాత మాత్రం పెదవి వాచింది. అప్పుడు హడలిపోయి చర్మవైద్యురాలి దగ్గరకు పరుగెత్తాం. ఆవిడ మందు రాసిచ్చి, ఒక నోటుపుస్తకం పెట్టమన్నారు. ఏం తిన్నదీ, ఎన్నింటికి తిన్నదీ, దద్దుర్లు ఎప్పుడు లేచిందీ, జలుబు, జ్వరం ఏమైనా ఉన్నాయా, అన్నీ రాయాలి. "పిల్లల్లో దద్దుర్లకు ఎక్కువసార్లు వైరస్ జ్వరాలే కారణం మాస్టారూ, రంగుమీదికి ఒక్కసారిగా దూకకండి" అని కూడా హెచ్చరించారు. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నోటుపుస్తకం నా చేతికొచ్చింది.

రంగుల సంగతి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. 1856లో విలియం పెర్కిన్ అనే కుర్రవాడు బొగ్గు తారు సరుకుతో ప్రయోగాలు చేస్తూ ఊదారంగు పుట్టించాడు. అదే తొలి కృత్రిమ రంగు. తరవాత బట్టలకోసం పుట్టిన రంగులు మెల్లిగా తిండిలోకి జారుకున్నాయి. చవక, వెలిసిపోవు, చిటికెడు చాలు. మన దేశంలో తిండిలో వాడటానికి అనుమతి ఉన్నవి ఎనిమిదే. పసుపుకు టార్ట్రజీన్, నారింజకు సన్‌సెట్ యెల్లో, ఎరుపులకు కార్మోయిసిన్, పాన్సో 4ఆర్, ఎరిత్రోసిన్, నీలానికి ఇండిగో కార్మిన్, బ్రిలియంట్ బ్లూ, ఆకుపచ్చకు ఫాస్ట్ గ్రీన్. అవైనా ఏ తిండిలో పడితే ఆ తిండిలో కాదు. ఐస్‌క్రీములు, బిస్కెట్లు, మిఠాయిలు, షర్బత్తుల వంటి కొన్నిటిలోనే, అదీ సాధారణంగా కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకుండా. పొట్లం వెనక సన్నక్షరాల్లో 102 అని ఉంటే టార్ట్రజీన్, 110 అంటే సన్‌సెట్ యెల్లో, 122 కార్మోయిసిన్, 124 పాన్సో, 127 ఎరిత్రోసిన్. ఇంటి తలుపు వెనక ఈ అంకెలు రాసి అంటిస్తే, పాలపొట్లం లెక్కకన్నా ఎక్కువగా ఉపయోగపడింది మాకు.

రోడమిన్-బి ఈ ఎనిమిదిలో లేదు. అది పట్టుకూ, కాగితానికీ, అగరుబత్తి పుల్లలకూ వాడే రంగు. దేశంలో ఎక్కడా తిండిలో వెయ్యకూడదు. షోలాపూరులో ఉండే మా వియ్యంకుడుగారు మగ్గాల కుటుంబంలో పుట్టినవారు. తెలంగాణ నుంచి తాతల కాలంలో వెళ్ళి అక్కడ దుప్పట్లు నేసిన పద్మశాలీలు. పీచు మిఠాయి సంగతి ఫోనులో చెబితే ఆయన, "అద్దకం రంగు చేతికంటితే నాలుగు రోజులు గోళ్ళ సందుల్లోంచి పోదు బావగారూ, అది పేగుల్లో పడితే ఏమవుతుందో ఎవరు చూశారు?" అన్నారు. చూసినవాళ్ళున్నారు. జంతువుల్లో కాలేయాన్ని దెబ్బతీస్తుందని ప్రయోగాల్లో తేలింది. అందుకే దాన్ని తిండి గడప దాటనివ్వలేదు.

అయితే మా ఇంటి ప్రశ్న వేరు. చట్టం ఒప్పుకున్న రంగు, చట్టం ఒప్పుకున్న మోతాదులో వేసినా కొందరి ఒంటికి ఎందుకు పడదు? డాక్టరుగారు కాగితంమీద బొమ్మ గీసి చెప్పారు. మన చర్మం కింద, ఊపిరి గొట్టాల్లో, పేగు గోడల్లో మాస్ట్ కణాలని కాపలా కణాలుంటాయి. వాటి నిండా హిస్టమిన్ అనే పదార్థం ఉంటుంది. అది బయటికొస్తే దురద, వాపు, ఎరుపు. అసలైన ఎలర్జీలో ఒంట్లో ముందే తయారై ఉన్న ఐజీఈ అనే ప్రతిరక్షకం, శత్రువనుకున్న పదార్థం రాగానే ఆ కణాలను విప్పిస్తుంది. వేరుశనగ, రొయ్య, గుడ్డు పడనివాళ్ళకు జరిగేదిదే. అవి మాంసకృత్తులు, పెద్ద అణువులు. టార్ట్రజీన్ చాలా చిన్న అణువు. దానంతట అది ప్రతిరక్షకాన్ని పుట్టించటం అరుదు. కాబట్టి దాన్ని తిని దద్దుర్లు తెచ్చుకునేవారిలో చాలామందికి ప్రతిరక్షకం ప్రమేయం లేకుండానే కాపలా కణాలు హిస్టమిన్ వదులుతాయని వైద్యులు భావిస్తారు. రక్తపరీక్షకు అందదు, చర్మంమీద సూదిపరీక్షకూ అందదు. తిని చూడటమొక్కటే పరీక్ష, అదీ డాక్టరు ఎదుట.

టార్ట్రజీన్ మీద ఈ ఫిర్యాదు కొత్తది కాదు. 1959లోనే అమెరికా వైద్యులు రాశారు. ఆస్పిరిన్ పడని ఉబ్బసం రోగుల్లో కొందరికి ఇదీ పడదని 1960లలో గమనించారు. తొలిరోజుల్లో ఇలాంటివాళ్ళు చాలామంది ఉంటారనుకున్నారు. తరవాత, ఏది రంగో ఏది ఉత్త మాత్రో రోగికీ డాక్టరుకీ తెలియకుండా ఇచ్చి చూసిన పరీక్షల్లో ఆ సంఖ్య బాగా పడిపోయింది. ఉన్నవాళ్ళు ఉన్నారు, కానీ కొద్దిమందే. ఆ కొద్దిమందికోసమే 1980నుంచి అమెరికాలో ఆ రంగు పేరు పొట్లంమీద విడిగా రాయించటం మొదలుపెట్టారు. ఇది నాకు నచ్చిన పద్ధతి. పదిమందికి పడుతుంది కదా అని పదకొండోవాడి దద్దుర్లు అబద్ధమైపోవు.

ఇంకో మాట. "కృత్రిమం అయితే విషం, ప్రకృతిది అయితే అమృతం" అని మనవాళ్ళలో ఒక నమ్మకం బలపడుతోంది. కార్మిన్ అనే ఎర్రరంగు పూర్తిగా ప్రకృతిదే, జెముడు మొక్కలమీద బతికే పురుగులను ఎండబెట్టి తీస్తారు. అందులో పురుగు తాలూకు మాంసకృత్తు మిగిలిపోతుంది గనక, టార్ట్రజీన్ చెయ్యలేని పని అది చేస్తుంది. అసలైన ఎలర్జీ, ఒక్కోసారి ప్రాణంమీదికి వచ్చేంతటిది. మన జాఫ్రా గింజల రంగుకి కూడా అరుదుగా అలాంటి కేసులు నమోదయ్యాయి. కాబట్టి ఒంటి కాపలావాడికి ప్రకృతి అనీ ఫ్యాక్టరీ అనీ పక్షపాతం లేదు.

మా నోటుపుస్తకంలో నాలుగు నెలల్లో ఐదుసార్లు దద్దుర్లు నమోదయ్యాయి. రెండుసార్లు జ్వరంతో కలిసి వచ్చాయి. మిగతా మూడుసార్లూ ముందు గంటల్లో పసుపుపచ్చ తీపి ఏదో ఉంది. ఒకసారి కేసరిబాతు, ఒకసారి కస్టర్డు, ఒకసారి పెళ్ళిలో లడ్డు. ఆరువారాలు రంగు పూర్తిగా మానిపించి, తరవాత ఆస్పత్రిలో కూచోబెట్టి రెండు వేర్వేరు రోజుల్లో ఇచ్చి చూశారు. ఎరుపుకు ఏమీ కాలేదు. పసుపుకు గంటన్నరలో మోచేతుల మీద నాలుగు దద్దుర్లు. డాక్టరుగారు, "ఇది మీ అమ్మాయి లెక్క, ఊళ్ళో పిల్లలందరి లెక్క కాదు" అని మరీ మరీ చెప్పారు. అప్పటినుంచి మేం ఏ ఊరు వెళ్ళినా ముందు చూసేది గుడిగోపురం కాదు, తిండి రంగు.

2025 సంక్రాంతికి యానాంలో మా బావమరిది ఇంటికి వెళ్ళాలని అనుకున్నప్పుడు, దారిలో మద్రాసు, పుదుచ్చేరి కూడా చూసుకుంటూ వెళదామన్నాను. ఇంటావిడ నా ఉద్దేశం కనిపెట్టేసింది. "మీరు చూసేది సముద్రమా, బండ్లా?" అంది. రెండూ అన్నాను.

మెరీనాలో సాయంత్రం ఇసకమీద నడవటంకన్నా హాయి లేదు. అక్కడి తిండిలో రాజు సుండల్. అంటే మన గుగ్గిళ్ళే. ఉడికించిన శనగలు లేక బఠాణీలు, ఆవాలు కరివేపాకు తాలింపు, పైన కొబ్బరి, పచ్చిమామిడి ముక్కలు. బఠాణీ దానంతట అది లేతపసుపు, కొబ్బరి తెలుపు, కరివేపాకు పచ్చ. ఇందులో సీసాలోంచి వచ్చిన రంగు ఒక్కటీ లేదు. తరతరాలుగా ఆ ఇసకమీద చెల్లుతున్న తిండి ఇది, దీనికి రంగు అక్కర్లేకపోయింది. ఆ పక్కనే బజ్జీల బండిమీద మిరపకాయ బజ్జీ మాత్రం అనుమానాస్పదంగా మెరుస్తోంది. శనగపిండికి తనదైన పసుపు ఉంది కదా, ఇంకా ఎందుకు వేస్తావు అని అడిగాను. బండివాడు తమిళంలో, వెయ్యకపోతే పాతనూనె అనుకుంటారని అన్నాడు. ఆ మాట చాలాసేపు వదల్లేదు. రంగు రుచికోసం కాదు, నమ్మకంకోసం వేస్తున్నాడు. కొనేవాడి కన్ను ఆ మెరుపుకు అలవాటుపడిపోయి, అసలు రంగునే అనుమానిస్తోంది.

ఈ అలవాటు పిల్లల దాకా ఎంత చేరిందో చెప్పిన పని మన హైదరాబాదులోనే జరిగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడు కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకోసం పుట్టి, 1958లో హైదరాబాదుకు మారింది. అక్కడి శాస్త్రజ్ఞులు 2000 తరవాతి తొలి సంవత్సరాల్లో నగరంలో అమ్మే రంగు తినుబండారాలను పరీక్షించారు. ఎక్కువభాగం వాటిలో ఉన్నది అనుమతి ఉన్న రంగే. కానీ చాలావాటిలో మోతాదు మించింది. కొందరు పిల్లలు రోజూ తినే రంగు కూడా సురక్షితమనుకునే పరిమితిని దాటిపోతోందని చెప్పారు. ఐరోపా నిపుణులు టార్ట్రజీన్‌కు పెట్టిన పరిమితి ఒంటి బరువు కిలోకు రోజుకు ఏడున్నర మిల్లీగ్రాములు. 20 కిలోల పిల్లకు 150 మిల్లీగ్రాములన్నమాట. చట్టప్రకారం రంగు వేసిన మిఠాయి కిలోన్నర తింటే గానీ అంత ఎక్కదు. ఏ పిల్లా అంత తినదు. కానీ కాజాలవాడు, కారాబూందీవాడు త్రాసు పెట్టి రంగు వెయ్యడు. చెంచా కొసతో వేస్తాడు. అక్కడే లెక్క తప్పుతుంది.

పుదుచ్చేరి సముద్రతీరపు రోడ్డుమీద సాయంత్రం ఆరునుంచి బండ్లు తిరగనివ్వరు. గాంధీగారి విగ్రహం, పాత దీపస్తంభం, నల్లరాళ్ళ గట్టుమీద అలలు. ఊరంతా అక్కడే. ఉత్తరాది కుర్రవాడొకడు తెల్ల పీచు మిఠాయి అమ్ముతున్నాడు. 2024లో నిషేధం వచ్చినప్పుడు ఆహారభద్రతా శాఖ ధ్రువపత్రం ఉంటేనే అమ్మాలన్నారు. ఇతనితో పాటు గదిలో ఉండే నలుగురిలో ఇద్దరు ఊరికి వెళ్ళిపోయారట. మెషీను అద్దె, గది అద్దె కట్టలేక. "రంగు మేము తయారుచేసింది కాదు సాబ్, దుకాణంలో పొట్లం ఇచ్చారు, మిఠాయి రంగు అని చెప్పే ఇచ్చారు" అన్నాడు హిందీలో. అతని మాట నేను నమ్మాను. బెంగుళూరు మార్కెట్లో కూడా పేరు, అంకె, తయారీ తేదీ లేని రంగుపొట్లాలు అమ్మటం ఇదివరలో చూశాను. వీధిలో కర్ర పట్టుకుని తిరిగేవాణ్ణి పట్టుకోవటం సులభం. పొట్లం కట్టినవాడు మాత్రం కళ్ళపడడు. నిషేధాలు మంచివే, కానీ వాటి బరువు ఎప్పుడూ చివరివాడి నెత్తినే ఎందుకు పడుతుందో అధికారులు కూడా ఆలోచించాలి.

పీచు మిఠాయికి ఎన్ని పేర్లో! మనకు పీచు మిఠాయి, తమిళులకు పంజు మిట్టాయి, కన్నడంలో బొంబాయి మిఠాయి. మహారాష్ట్రలో మ్హాతారీచే కేస్, అంటే ముసలమ్మ వెంట్రుకలు. హిందీవాళ్ళూ బుడ్డీ కే బాల్ అనే అంటారు. ముసలమ్మ వెంట్రుకలైతే తెల్లగానే కదా ఉండాలి! పేరు పెట్టినవాడు తెల్లదాన్ని చూసే పెట్టి ఉంటాడు.

రాత్రి రైల్లో మనవరాలు నిద్రపోయాక, మా అబ్బాయి పంపిన పరిశోధనల వివరాలు చదివాను. దద్దుర్లు పైకి కనిపించేవి. లోపల పేగుల్లో జరిగేది వేరే కథ. మన రోగనిరోధక కణాల్లో పెద్దభాగం పేగు గోడల్లోనే కాపురం. టార్ట్రజీన్, సన్‌సెట్ యెల్లో, అల్యూరా రెడ్ వంటివి ఎజో రంగులు. రెండు నత్రజని పరమాణువుల వంతెన ఉంటుంది వాటిలో. పేగులోని సూక్ష్మజీవులు ఆ వంతెనను విరగ్గొడతాయి. 2021లో న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ శాస్త్రజ్ఞులు ఎలుకలమీద చూపించిందేమిటంటే, అల్యూరా రెడ్, సన్‌సెట్ యెల్లో విరిగితే పుట్టే ఒక ముక్క, ఇంటర్‌ల్యూకిన్-23 అనే సంకేత పదార్థం అదుపు తప్పి ఉన్న ఎలుకల్లో పెద్దపేగు వాపు తెచ్చింది. మామూలు ఎలుకలకు రాలేదు. 2022లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు 12 వారాలపాటు రోజూ అల్యూరా రెడ్ పెట్టిన ఎలుకల్లో పేగువాపు ముదిరిందని ప్రకటించారు. పేగులో సెరోటోనిన్ పెరగటం ద్వారా ఇది జరుగుతోందన్నారు. వారానికి ఒక్కరోజే పెడితే మాత్రం అలా కాలేదు.

ఎలుక మనిషి కాదు. ఈ ఫలితాలు చూసి ఒక జిలేబీకే పేగు పాడవుతుందని చెప్పేవాడు శాస్త్రం చెబుతున్నట్టు కాదు. కానీ రెండు సంగతులు నాకు పట్టుబడ్డాయి. ఒకటి, రంగు మింగాక అలాగే బయటికి పోదు, లోపల సూక్ష్మజీవులు దాన్ని ఇంకోటిగా మారుస్తాయి. రెండు, పండగరోజు తినటం వేరు, రోజూ బడిడబ్బాలో పెట్టటం వేరు. మన పాతకాలపు ఇళ్ళల్లో తీపి పండక్కే వండేవారు. ఇప్పుడు రంగు నీళ్ళు, రంగు బిస్కెట్టు, రంగు చిప్సు వారంలో ఏడు రోజులూ పండగే.

రంగులకూ పిల్లల అల్లరికీ ఉన్న సంబంధం మరో చర్చ. 2007లో ఇంగ్లండు సౌతాంప్టన్ పరిశోధన తరవాత, 2010నుంచి ఐరోపాలో ఆరు రంగుల పొట్లాలమీద హెచ్చరిక రాయాలన్నారు. వాటిలో నాలుగు మనదేశంలో అనుమతి ఉన్నవే. దానికీ రోగనిరోధక శక్తికీ ముడిపెట్టటం మాత్రం సరికాదు. మన ఇళ్ళల్లో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

కాకినాడలో దిగి, తాళ్ళరేవు మీదుగా బస్సులో యానాం. ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఊరు, చుట్టూ ఆంధ్ర, పాలన పుదుచ్చేరిది. గోదావరి గౌతమి పాయ పక్కన గట్టుమీద సాయంత్రం గాలి మరువలేనిది. 1930లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం అమలయ్యాక, చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చెయ్యదలుచుకున్నవాళ్ళు చట్టం తప్పించుకోవటానికి ఫ్రెంచివారి యానాం వచ్చేవారని పెద్దలు చెబుతారు. ఆ ఊరికే ఇప్పుడు, పుదుచ్చేరి ఉత్తర్వు ముందుగా వర్తించింది. ఎల్లలు దాటి వచ్చిన చట్టం ఈసారి పిల్లల పక్షాన నిలిచింది. పీచు మిఠాయి కర్రవాడు వంతెన దాటి ఎదుర్లంక వెళితే ఆ ఉత్తర్వు వర్తించదు గానీ, రోడమిన్‌కు అక్కడా అనుమతి లేదు.

సంక్రాంతి ముగ్గుల్లో ఆ మూడురోజులూ వీధంతా గులాబీ, నీలం, పసుపు పొడులు. మనవరాలు మోచేతుల దాకా పూసుకుంది. ఏమీ కాలేదు. ముగ్గుపొడి చేతులతో మాత్రం ఏమీ తినవద్దని వాళ్ళ నాయనమ్మ వెనకాలే తిరిగింది. కనుమనాడే, అంటే జనవరి 15న, అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎరిత్రోసిన్‌ను, అంటే 127 అంకె రంగును, తిండిలోంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2027 జనవరి దాకా తయారీదారులకు గడువు ఇచ్చారు. మగ ఎలుకల్లో థైరాయిడ్ గడ్డలు దానికి కారణం. మనవాళ్ళ ఎనిమిదింటి జాబితాలో అది ఉంది.

గోదావరి జిల్లాల మిఠాయిలు చూస్తే నాకు రసాయనశాస్త్రం మీద గౌరవం పెరుగుతుంది. కాకినాడ కాజా, తాపేశ్వరం మడతకాజా, ఆత్రేయపురం పూతరేకు. కాజా గోధుమరంగు వేపుడులోంచి, పాకంలోంచి వస్తుంది. పూతరేకు తెలుపు బియ్యపు పిండిది. బరంపురంలో మా పినతల్లిగారింట తిన్న ఛెనాపోడ నల్లటి పొర కూడా అంతే, చక్కెర మాడితే వచ్చిన రంగు. మైసూరుపాకు పసుపు శనగపిండిది, నెయ్యిది. కారం ఎరుపు కావాలంటే కర్ణాటకలో బ్యాడగి మిరపకాయ ఉంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. మంచూరియా బండివాళ్ళలో కొందరు ఇప్పుడు దాన్నే నానబెట్టి రుబ్బుతున్నారు. పసుపు కొనేటప్పుడు మాత్రం చెంచాడు నీళ్ళగ్లాసులో వేసి చూడండి. అసలు పసుపు అడుక్కు దిగి, నీళ్ళు లేతగా ఉంటాయి. నీళ్ళు చిక్కటి పసుపైతే అనుమానించాలి. చిలగడదుంప తొక్కను నూనెలో తడిపిన దూదితో రుద్దితే దూదికి ఎర్రటి ఊదారంగు అంటిందంటే, అక్కడా రోడమిన్ ఉన్నట్టే.

యానాం గట్టుమీద పీచు మిఠాయి అమ్మేది స్థానికుడే, మధ్యవయస్కుడు. ఆయన తెల్లటి పొట్లాలు చూసి మనవరాలు నావంక చూసింది. "రంగు లేదాండి?" అని అడిగాను.

"లేదండి, ఆయ్. ఉత్తర్వొచ్చాక మానేశామండి. మొదట్లో సగం అమ్మకం పడిపోయిందండి. పిల్లలు పింకే కావాలని ఏడ్చేవోరు. ఇప్పుడలవాటైపోయిందండి."

"బీట్‌రూట్ రసం వేసి చూడకపోయారా?"

"చూశానండి మాస్టారూ. పంచదార తడిసి మెషీన్లో అట్టకట్టేసిందండి. పీచు రాదండి, తడి ఉంటే. యాలకుల పొడి వేస్తున్నానండి ఇప్పుడు. వాసనకి వస్తున్నారండి."

మూడు పొట్లాలు కొన్నాం. యాలకుల వాసన నిజంగానే వచ్చింది. మనవరాలు తిన్న టైము నోటుపుస్తకంలో రాశాను: ఐదూ ముప్పావు. రాత్రి పడుకునేదాకా ఏమీ లేవలేదు.